ఛాతీలోని సిరలు ఇరుకైన రోగికి డయాలసిస్ మార్గం

సభకు నమస్కారం.

నెఫ్రాలజిస్టులతో పాటు జిల్లాల్లోని డయాలసిస్ కేంద్రాల నుంచి టెక్నీషియన్లు, నర్సులు, కొందరు రోగులు, వారి కుటుంబ సభ్యులు కూడా ఈ సదస్సుకు వచ్చారు. అందువల్ల రక్తనాళాల సర్జన్లం మాలో మేము మాట్లాడుకునే పద్ధతిలో కాకుండా, అందరికీ అందే విధంగా చెబుతాను. విషయం మాత్రం కఠినమైనదే. ఛాతీలోని పెద్ద సిరలు ఇరుకైపోయిన రోగికి, లేదా పూర్తిగా మూసుకుపోయిన రోగికి, డయాలసిస్ కోసం రక్తమార్గాన్ని ఎక్కడ, ఎలా ఏర్పాటు చేయాలన్నది ఈనాటి ప్రశ్న.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ధమనిని సిరకు కలిపే ఫిస్టులా చేయబోయే ముందు మనం మణికట్టు దగ్గర నాడి చూస్తాం, మోచేతి దగ్గర సిర ఎంత లావుందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తాం, ధమని గట్టిపడిందేమో పరీక్షిస్తాం. ఆ చేతి నుంచి రక్తం గుండెకు తిరిగి చేరే దారి తెరిచి ఉందా లేదా అన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు చేయి వాచిన తర్వాతే గుర్తుకొస్తోంది. ఈ క్రమం తిరగబడాలి. రక్తం వెళ్లిపోయే దారిని ముందు చూసుకుని, వచ్చే దారిని ఆ తర్వాత ఎంచుకోవాలి. నేను ఈరోజు వివరించబోయే శస్త్రచికిత్సలన్నింటికీ ఆధారం ఈ ఒక్క నియమమే.

ఆ దారి ఏమిటో ముందుగా చూద్దాం. చేతిలోని సిరలు చంక దగ్గర ఒక పెద్ద సిరగా కలుస్తాయి. అది కాలర్ బోన్ కింద నుంచి, మొదటి పక్కటెముక మీదుగా ఛాతీలోకి ప్రవేశించే భాగాన్ని సబ్‌క్లేవియన్ సిర అంటాం. మెడలోంచి దిగే జుగులర్ సిర దానితో కలిసిన చోట బ్రేకియోసెఫాలిక్ సిర మొదలవుతుంది. కుడి, ఎడమ బ్రేకియోసెఫాలిక్ సిరలు రెండూ కలిసి ఊర్ధ్వ మహాసిరగా మారి గుండె కుడి కర్ణికలోకి తెరుచుకుంటాయి. కుడివైపు బ్రేకియోసెఫాలిక్ సిర సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుతో దాదాపు నిటారుగా కిందికి దిగుతుంది. ఎడమవైపుది సుమారు 6 సెంటీమీటర్ల పొడవుతో, రొమ్ము ఎముక వెనుక, బృహద్ధమని నుంచి పైకి లేచే కొమ్మల ముందు నుంచి ఏటవాలుగా అడ్డం పోయి కుడివైపుకు చేరుతుంది. ఎడమ జుగులర్‌లో వేసిన క్యాథెటర్, అంటే డయాలసిస్ గొట్టం, ఎందుకు ఎక్కువ హాని చేస్తుందో ఈ నిర్మాణమే చెబుతుంది: అది రెండు మూడు చోట్ల వంగి, ప్రతి మలుపు దగ్గరా సిర గోడను రాసుకుంటూ ఉంటుంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక చేతికి వెళ్లి వచ్చే రక్తం నిమిషానికి సుమారు 100 మిల్లీలీటర్ల స్థాయిలోనే ఉంటుంది. అదే చేతిలో ఫిస్టులా చేసి, అది పక్వానికి వస్తే నిమిషానికి 600 మిల్లీలీటర్లు మొదలుకొని, మోచేతి పైభాగంలో చేసిన ఫిస్టులాలలో ఒక లీటరు, లీటరున్నర వరకు ప్రవహిస్తుంది. పంట కాలువ చివరి తూము సగం పూడుకుపోయి ఉన్నా నీరు సన్నగా పారినంత కాలం ఎవరికీ తెలియదు. పైనుంచి లాకులు ఎత్తి నీళ్లు వదిలిన రోజున గట్లు పొంగుతాయి. ఛాతీలోని సిర ఇరుకు కూడా అలాగే ఏళ్ల తరబడి తెలియకుండా ఉండి, ఫిస్టులా పనిచేయడం మొదలైన కొన్ని వారాలకు చేయి వాపుగా బయటపడుతుంది.

ఈ ఇరుకు ఎలా వస్తుంది? పుట్టుకతో వచ్చేది కాదు, కిడ్నీ జబ్బు వల్ల నేరుగా వచ్చేది కాదు. అత్యధిక సందర్భాలలో అది మనం వేసిన క్యాథెటర్ల ఫలితం. డయాలసిస్ చరిత్రను ఒకసారి వెనక్కి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్, వేన్ క్వింటన్ కలిసి టెఫ్లాన్ గొట్టాలతో చేతి ధమనికీ సిరకూ మధ్య శాశ్వత షంట్ ఏర్పాటు చేసిన తర్వాతే ఒకే రోగికి పదే పదే డయాలసిస్ చేయడం సాధ్యమైంది. 1966లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ నుంచి బ్రెసియా, సిమినో, అపెల్, హర్విచ్ అనే నలుగురు వైద్యులు మణికట్టు దగ్గర ధమనిని, సిరను చర్మం కిందనే నేరుగా కలిపే ఫిస్టులాను ప్రచురించారు. నేటికీ దానిని మించిన మార్గం మనకు లేదు. అయితే ఫిస్టులా పక్వం కావడానికి వారాలు పడుతుంది, ఊపిరి ఆడక వచ్చిన రోగికి అంత సమయం ఉండదు. ఆ అవసరం తీర్చడానికి సబ్‌క్లేవియన్ సిరలో క్యాథెటర్ వేసే పద్ధతి వచ్చి, 1980లలో ప్రపంచమంతటా వ్యాపించింది. వేయడం సులువు, రోగికి మెడ తిప్పుకోవడం సులువు, కట్టు కట్టడం సులువు. దాని అసలు మూల్యం కొన్నేళ్ల తర్వాత తెలిసింది. 1991లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో సబ్‌క్లేవియన్ క్యాథెటర్ వేసినవారిలో 42 శాతం మందికి ఆ సిర ఇరుకు కాగా, జుగులర్ క్యాథెటర్ వేసినవారిలో అది 10 శాతం మాత్రమే. ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాలన్నీ, వేరే దారే లేని పరిస్థితిలో తప్ప, డయాలసిస్ రోగికి సబ్‌క్లేవియన్ జోలికి పోవద్దని చెబుతూనే ఉన్నాయి.

సిర లోపలి పొర చాలా సున్నితమైనది. సుమారు 4, 5 మిల్లీమీటర్ల లావుండే క్యాథెటర్ ప్రతి గుండె కొట్టుకోవడానికీ, ప్రతి శ్వాసకూ కదులుతూ ఆ పొరను ఒరుసుకుంటుంది. ఒరిసిన చోట రక్తపు గడ్డ అంటుకుంటుంది, దాని కింద కండర కణాలు, నార కణజాలం పెరుగుతాయి, గోడ మందమవుతుంది. క్యాథెటర్‌కు ఇన్‌ఫెక్షన్ సోకితే ఈ ప్రక్రియ మరింత వేగం పుంజుకుంటుంది. ఎన్ని క్యాథెటర్లు వేశాం, ఎంతకాలం ఉంచాం, ఏ వైపున వేశాం అన్న మూడింటి మీదే ప్రమాదం ప్రధానంగా ఆధారపడి ఉంటుంది. పేస్‌మేకర్ తీగలు కూడా ఇదే పని చేస్తాయి. చేతి సిర నుంచి ఛాతీ వరకు తోసే పిక్ లైన్లు మరీ హానికరం, ఎందుకంటే అవి ఫిస్టులాకు పనికివచ్చే చేతి సిరనూ, ఛాతీలోని పెద్ద సిరనూ రెండింటినీ ఒకేసారి దెబ్బతీస్తాయి. క్యాథెటర్ ఎన్నడూ వేయనివారిలో కూడా కొందరికి కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్య సిర నలిగి, ఫిస్టులా ప్రవాహం పెరిగాక ఇరుకు బయటపడుతుంది. ఇటువంటివారు తక్కువే అయినా వీరి చికిత్స వేరు కనుక గుర్తుంచుకోవాలి.

ఇక టెక్నీషియన్లకు, నర్సులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. ఈ సమస్యను మొదట చూడగలిగేది మీరే. వారానికి రెండు మూడు సార్లు, నాలుగేసి గంటలు రోగి మీ కళ్ల ముందు ఉంటాడు; సర్జన్‌కు ఏడాదికి ఒకసారి కనిపిస్తాడో లేదో. సూదులు తీసిన తర్వాత రక్తం ఆగడానికి ఇంతకుముందు ఐదు నిమిషాలు పట్టిన రోగికి ఇప్పుడు ఇరవై నిమిషాలు పడుతుంటే, అది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డోసు ఎక్కువై మాత్రమే కాకపోవచ్చు. యంత్రం నుంచి రక్తం రోగికి తిరిగి వెళ్లేటప్పటి ఒత్తిడి, అంటే వీనస్ ప్రెషర్, వారం వారం పెరుగుతూ అలారం మోగుతుంటే సూది సర్ది ఊరుకోకూడదు. ఫిస్టులా మీద చేయి వేసినప్పుడు మెత్తగా జలజలమనే థ్రిల్‌కు బదులు నాడిలా గట్టిగా కొట్టుకుంటుంటే పైన ఎక్కడో అడ్డు ఉన్నట్టే. చేతిని తల కంటే ఎత్తుకు లేపమనండి: దారి తెరిచి ఉంటే ఫిస్టులా చప్పబడుతుంది, దారి మూసుకుని ఉంటే ఉబ్బినట్టే ఉండిపోతుంది. దీనికి యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు, అర నిమిషం చాలు.

రోగి చొక్కా విప్పించి లేదా ఆడవారైతే తగిన మర్యాదతో, మరో మహిళా సిబ్బంది సమక్షంలో, భుజం, ఛాతీ, మెడ చూడాలి. చర్మం కింద మెలికలు తిరిగిన నీలి సిరలు ఒకవైపే కనిపిస్తే, మూసుకుపోయిన పెద్ద దారికి బదులు శరీరం చిన్న చిన్న పక్కదారులు తెరుచుకుందని అర్థం. కొందరు స్త్రీలలో ఫిస్టులా ఉన్న వైపు రొమ్ము వాచి, అనవసరంగా రొమ్ము క్యాన్సర్ పరీక్షల దాకా వెళుతుంది. ఊర్ధ్వ మహాసిరే మూసుకుపోతే రెండు చేతులతో పాటు ముఖం, కనురెప్పలు కూడా వాస్తాయి. పడుకున్నప్పుడు, తెల్లవారుజామున ఇది ఎక్కువగా ఉంటుంది. ఫిస్టులా ఉన్న రోగికి కారణం తెలియని తలనొప్పి, చూపు మసకబారడం వచ్చినప్పుడు కూడా మెడ సిరల్లోకి రక్తం వెనక్కి తన్నుతోందేమో ఆలోచించాలి. ఇది అరుదైనదే కానీ చూపు పోయేంత ప్రమాదం ఉన్నది.

అనుమానం కలిగాక నిర్ధారణకు అల్ట్రాసౌండ్ ఒక్కటే సరిపోదు. ఎముకల వెనుక ఉన్న సిరలు దానికి కనిపించవు. శ్వాసతో పాటు సిర ప్రవాహం మారాల్సిన తీరు మారడం లేదని మాత్రమే అది చెప్పగలదు. చేతి సిరలో కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎక్స్‌రే తెర మీద చూసే వీనోగ్రామే ఇందుకు ప్రామాణికం. సీటీ వీనోగ్రామ్ కూడా మంచి చిత్రాన్ని ఇస్తుంది. ఇంకా డయాలసిస్ మొదలుకాని, మూత్రం కొంత వస్తున్న రోగిలో అయోడిన్ కాంట్రాస్ట్ వీలైనంత తక్కువ వాడాలి, లేదా కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చిత్రం తీయవచ్చు. ఎమ్మారైలో వాడే గాడోలినియం మందుల్లో కొన్ని రకాలు కిడ్నీ పనిచేయని రోగుల చర్మాన్ని, లోపలి అవయవాలను గట్టిపరిచే తీవ్రమైన జబ్బు తెస్తాయి కనుక, ఏ రకం వాడుతున్నారో అడిగి తెలుసుకోవాలి. గతంలో క్యాథెటర్లు, పేస్‌మేకర్, పిక్ లైన్ ఉన్న ప్రతి రోగికీ ఫిస్టులా చేసే ముందే ఈ చిత్రం తీయించాలన్నది నా అభిప్రాయం. కొత్త రోగికి, ఎన్నడూ క్యాథెటర్ పడనివారికి, అది అవసరం లేదు.

ఇప్పుడు ఒక రోగిని ఊహించుకుందాం. యాభై ఏళ్ల మహిళ. కుడి జుగులర్‌లో రెండుసార్లు క్యాథెటర్ వేశారు, అది పనిచేయక ఎడమ జుగులర్‌లో వేశారు, మధ్యలో ఒకసారి ఎడమ సబ్‌క్లేవియన్ కూడా. ఎడమ మోచేతి దగ్గర ఫిస్టులా చేశారు, నెల తిరగకముందే చేయి వాచింది. వీనోగ్రామ్‌లో ఎడమ బ్రేకియోసెఫాలిక్ సిర పూర్తిగా మూసుకుపోయి ఉంది, కుడివైపుది ఇరుకుగా ఉంది. ఈమెకు ఏం చేయాలి?

అన్నింటికంటే ముందు అడగాల్సింది ఈమెకు రక్తం ద్వారానే డయాలసిస్ జరగాలా అన్నది. పొట్ట ద్వారా చేసే పెరిటోనియల్ డయాలసిస్‌కు సిరలతో పని లేదు. పొట్టకు పెద్ద ఆపరేషన్లు జరగకపోతే, ఇంట్లో శుభ్రంగా చేసుకోగల మనిషి, చోటు ఉంటే, ఛాతీ సిరలు పాడైన రోగికి అది మొట్టమొదట పరిశీలించాల్సిన దారి. మనవద్ద దానిని చివరి మాటగా, అయిష్టంగా ప్రస్తావించే అలవాటు ఉంది. నేను దానితో ఏకీభవించను. అలాగే దాత సిద్ధంగా ఉంటే కిడ్నీ మార్పిడికి తొందరపడాలి, మరణించినవారి అవయవాల కోసం ఎదురుచూసేవారి జీవన్‌దాన్ జాబితాలో పేరు లేకపోతే వెంటనే నమోదు చేయించాలి. మార్పిడి చేసిన కిడ్నీని పొత్తికడుపులోని ఇలియాక్ సిరకు కలుపుతారు కనుక, మార్పిడికి దగ్గరపడిన రోగికి తొడ సిరల్లో దీర్ఘకాలం క్యాథెటర్ ఉంచి ఆ సిరను కూడా పాడుచేయకూడదు.

ఈ రెండూ కుదరకపోతే రెండో చేతికి వెళ్లాలి, అయితే రెండో వైపు సిరలు కూడా చూసిన తర్వాతే. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచిన విషయం ఒకటి ఉంది. చిత్రంలో ఇరుకు కనిపించినంత మాత్రాన, సిరను లోపలి నుంచి వెడల్పు చేసే బెలూన్ వేయకూడదు. వాపు లేకుండా, డయాలసిస్ సరిగా జరుగుతూ ఉన్న రోగిలో సగానికి మించి ఇరుకైన సిరను కూడా అలాగే వదిలేసినవారు, బెలూన్ వేయించుకున్నవారి కంటే మెరుగ్గానే ఉన్నారని అధ్యయనాలు చూపాయి. బెలూన్ వేయడమంటే గోడను చీల్చడమే. ఆ గాయం మానే క్రమంలో ఇరుకు ముందుకంటే వేగంగా పెరుగుతుంది. శరీరం తెరుచుకున్న పక్కదారులు సరిపోతున్నప్పుడు మన చేతులు ముడుచుకోవడమే చికిత్స. చికిత్స చేయాల్సింది రోగి బాధకు, డయాలసిస్ లోపానికి.

మన ఊహాజనిత రోగికి బాధ ఉంది, చేయి వాచింది. అందుకని బెలూన్ యాంజియోప్లాస్టీ ప్రయత్నించాలి. ఛాతీ సిరలకు 10 నుంచి 16 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న, అధిక ఒత్తిడి తట్టుకునే బెలూన్లు కావాలి. వెంటనే వచ్చే ఫలితం సాధారణంగా బాగుంటుంది, వాపు రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కానీ ఆ ఆనందం ఎంతోకాలం నిలవదని రోగికి ముందే చెప్పాలి: సంవత్సరం గడిచేసరికి సగానికి పైగా మళ్లీ ఇరుకవుతాయి, మళ్లీ మళ్లీ బెలూన్ వేయాల్సి వస్తుంది. బెలూన్ తీయగానే సిర రబ్బరులా వెనక్కి ముడుచుకుపోయినా, మూడు నెలల్లోపే ఇరుకు తిరిగి వచ్చినా, సిరను తెరిచి ఉంచడానికి లోపల పెట్టే చిన్న గొట్టం, అంటే స్టెంట్, ఆలోచించవచ్చు. వలలాంటి మామూలు స్టెంట్ సందుల్లోంచి కణజాలం పెరిగి వస్తుంది. గుడ్డ తొడిగిన కవర్డ్ స్టెంట్ దానిని కొంతవరకు అడ్డుకుంటుంది. అయితే కవర్డ్ స్టెంట్ పెట్టేటప్పుడు అది జుగులర్ సిర కలిసే చోటును గానీ, రెండోవైపు బ్రేకియోసెఫాలిక్ సిర ముఖద్వారాన్ని గానీ కప్పేస్తే, రేపటి మార్గాన్ని ఈరోజే మూసినట్టవుతుంది. కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్య స్టెంట్ పెట్టడం తప్పు. చేయి కదిలినప్పుడల్లా ఆ రెండు ఎముకలు కత్తెరలా నొక్కి స్టెంట్ విరిగిపోతుంది. అక్కడి ఇరుకుకు మొదటి పక్కటెముకను తొలగించి ముందు స్థలం చేయాలి.

సబ్‌క్లేవియన్ ఒక్కటే మూసుకుపోయి, అదే వైపు జుగులర్, బ్రేకియోసెఫాలిక్ సిరలు బాగుంటే మరో చక్కటి మార్గం ఉంది. జుగులర్ సిరను మెడలో పైన కత్తిరించి, కిందికి మళ్లించి చంక సిరకు కలపడం, లేదా చంక సిర నుంచి జుగులర్‌కు చిన్న గ్రాఫ్ట్, అంటే కృత్రిమ రక్తనాళం, వేయడం. రోగి ఆరోగ్యం ఆపరేషన్‌ను తట్టుకోగలదనుకుంటే ఇది బెలూన్ల కంటే ఎక్కువకాలం నిలుస్తుంది. దీనిని మనం తక్కువగా వాడుతున్నామనిపిస్తుంది.

పూర్తిగా మూసుకుపోయిన సిరలోకి తీగ పోకపోతే? చాలావరకు పైనుంచి ఒక తీగ, తొడ సిర నుంచి ఇంకొక తీగ పంపి, రెండింటి మధ్య అడ్డును దాటడానికి ప్రయత్నిస్తాం. మెత్తటి తీగకు లొంగని అడ్డును సూది మొనతో గానీ, రేడియో తరంగాలతో వేడెక్కే తీగతో గానీ ఛేదించే పద్ధతులున్నాయి. తొడ నుంచి పంపిన పరికరం లోపలి నుంచి బయటికి, కాలర్ బోన్ పైన చర్మంలోంచి పొడుచుకుని వచ్చేలా చేసి, ఆ దారిన కుడివైపే క్యాథెటర్ వేసే లోపలి నుంచి వెలుపలికి పద్ధతి కూడా వచ్చింది. దానికి 2020లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. ఇవన్నీ ప్రమాదకరమైన పనులు. ఊర్ధ్వ మహాసిర కింది సగం గుండెను చుట్టి ఉండే పొర లోపల ఉంటుంది, అక్కడ సూది దారి తప్పితే ఆ పొరలోకి రక్తం నిండి నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. గుండె ఆపరేషన్ బృందం అందుబాటులో లేని చోట ఈ ప్రయత్నం చేయవద్దు.

అడ్డును దాటగలిగి, అక్కడ స్టెంట్ నిలవదనుకున్నప్పుడు హీరో గ్రాఫ్ట్ అనే పరికరం ఉపయోగపడుతుంది. అమెరికాలో 2008లో అనుమతి పొందిన ఈ పరికరంలో రెండు భాగాలుంటాయి. ఒకటి చేతిలో సూదులు గుచ్చడానికి, ధమనికి కుట్టే 6 మిల్లీమీటర్ల గ్రాఫ్ట్. రెండోది నిటినాల్ తీగ అల్లిన సిలికాన్ గొట్టం. దాని కొన ఇరుకైన సిరలను దాటి నేరుగా కుడి కర్ణికలో ఉంటుంది. రెండింటినీ భుజం దగ్గర ఒక కనెక్టర్‌తో కలుపుతారు. మొత్తం చర్మం కిందే ఉంటుంది, బయట ఏ భాగమూ ఉండదు కనుక క్యాథెటర్‌తో పోలిస్తే రక్తంలో ఇన్‌ఫెక్షన్ బాగా తక్కువ. సిరకు కుట్టాల్సిన అవసరమే లేదు కాబట్టి, మామూలు గ్రాఫ్ట్‌లు సిర కుట్టు దగ్గర ఇరుకయ్యే సమస్య కూడా దీనికి లేదు. అందరికీ ఇది తగదు. చేతి ధమని కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి, పై రక్తపోటు 100కు పైన ఉండాలి, గుండె మరీ బలహీనంగా ఉండకూడదు. డయాలసిస్‌లో రక్తపోటు తరచూ పడిపోయే రోగిలో ఇది గడ్డకట్టి ఆగిపోతుంది.

ఛాతీ మీద గ్రాఫ్ట్‌లు మరో దారి. ఒకవైపు చంక ధమని నుంచి రొమ్ము ఎముక ముందుగా, చర్మం కింద, రెండోవైపు చంక సిరకు వేసే గ్రాఫ్ట్‌ను దాని ఆకారాన్ని బట్టి నెక్లెస్ గ్రాఫ్ట్ అంటారు. ఒకవైపు ధమని బాగుండి, రెండోవైపు సిరలే తెరిచి ఉన్న రోగికి ఇది బాగా కుదురుతుంది. రెండువైపులా ఛాతీ సిరలు మూసుకుపోతే చంక ధమని నుంచి తొడ సిర దాకా పొడవాటి గ్రాఫ్ట్ వేసినవారున్నారు, ఛాతీ తెరిచి నేరుగా కుడి కర్ణికకు కుట్టినవారూ ఉన్నారు. సిరే లేకుండా, ధమనిని కత్తిరించి రెండు కొనల మధ్య గ్రాఫ్ట్‌ను లూప్‌గా కుట్టి, ఆ ధమని రక్తంతోనే డయాలసిస్ చేసే పద్ధతి కూడా ఉంది. దీనిలో గుండె మీద భారం పెరగదు, చేయి వాయదు. కానీ ఆ లూప్ గడ్డకడితే చేతికి రక్తం ఆగిపోవచ్చు, పైగా దానిలోంచి ఏ మందూ ఎక్కించకూడదు, ఆ మందు నేరుగా చేతి ధమనిలోకి పోతుంది. డయాలసిస్ సిబ్బంది అందరికీ ఈ విషయం రాతపూర్వకంగా తెలియాలి.

తొడలో చేసే మార్గాలకు, శరీరం కింది భాగం నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే అధో మహాసిర, ఇలియాక్ సిరలు తెరిచి ఉంటే చాలు. తొడ ధమనికీ సిరకూ మధ్య లూప్ గ్రాఫ్ట్ వేయవచ్చు, లేదా లోతుగా ఉండే తొడ సిరను పైకి తెచ్చి ఫిస్టులా చేయవచ్చు. మొదటిదానికి గజ్జల దగ్గర చెమట, తేమ వల్ల ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. రెండోది ఎక్కువకాలం నిలుస్తుంది కానీ పాదానికి రక్తం తగ్గే ప్రమాదం ఉంది. మధుమేహంతో కాలి ధమనులు దెబ్బతిన్న రోగికి తొడలో చేసేముందు పాదం నాడులు, చీలమండ దగ్గర రక్తపోటు తప్పక చూడాలి. ఇవేవీ లేనప్పుడు వీపు నుంచి అధో మహాసిరలోకో, కాలేయం గుండానో క్యాథెటర్ వేస్తారు. అవి ప్రాణం నిలబెడతాయి, అంతకు మించి వాటి గురించి గొప్పగా చెప్పలేను.

వాపు తట్టుకోలేని రోగిలో కొత్త మార్గం కోసం వెతకడానికి ముందు, ఉన్న ఫిస్టులా ప్రవాహాన్ని కొలవండి. నిమిషానికి రెండు లీటర్లు ప్రవహిస్తున్న ఫిస్టులాను బ్యాండింగ్ చేసి, అంటే చుట్టూ పట్టీ వేసి ఇరుకు చేసి, లీటరు లోపుకు తగ్గిస్తే, అదే ఇరుకు సిర ఆ రక్తాన్ని మోయగలుగుతుంది, వాపు తగ్గుతుంది, మార్గం నిలుస్తుంది. అన్నీ విఫలమై చేతి చర్మం పగులుతూ, పుండ్లు పడుతుంటే ఫిస్టులాను కట్టేయక తప్పదు. రోగికి అది తేలికైన నిర్ణయం కాదు, ఎంతో ఓర్చుకుని కాపాడుకున్న చేయి అది. ఇంకొక మార్గం సిద్ధం చేశాకే కట్టాలి.

ఇప్పటివరకు చెప్పినవన్నీ చివరి దశలో చేసేవి. మన రెండు రాష్ట్రాల్లో ఈ రోగుల సంఖ్య తగ్గాలంటే పని చాలా ముందే మొదలవ్వాలి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వల్ల, 2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం వల్ల పేదవారికి కూడా ఏళ్ల తరబడి డయాలసిస్ అందుతోంది. ఇది నిజంగా గొప్ప మార్పు. రోగి ఎక్కువకాలం బతుకుతున్నకొద్దీ ఆయన సిరలు కూడా అంతకాలం నిలవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నవారిలో చాలామంది పొలంలో, కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే మధ్యవయస్కులు. జబ్బు నెమ్మదిగా, చాలాకాలం లక్షణాలు లేకుండా ముదురుతుంది. పలాసలో 2023 చివర్లో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు గ్రామాల్లో విస్తృతంగా జరుగుతున్న ఇటువంటి చోట, జబ్బు ఉందని ముందే తెలిసిన రోగి కూడా ఊపిరి ఆడని స్థితిలో వచ్చి మెడలో క్యాథెటర్‌తో డయాలసిస్ మొదలుపెట్టడం ఆపగలిగిన విషయం. డయాలసిస్ ఆరు నెలల్లో అవసరమవుతుందని అనిపించిన రోజే ఫిస్టులాకు పంపాలి.

అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2019లో సవరించిన మార్గదర్శకాల్లో ప్రతి రోగికీ జీవితకాల ప్రణాళిక ఉండాలన్నారు. అంటే మొదటి మార్గం ఎంచుకునేటప్పుడే అది విఫలమైతే రెండోది ఏది, మూడోది ఏది అన్నది రాసి ఉండాలి. మనం దీనిని ఇక్కడి పరిస్థితులకు తగ్గట్టు అమలు చేయవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్న రోగికి సెలైన్ పెట్టాలంటే అరచేతి వెనుకవైపు సిరల్లోనే సూది వేయాలి, మోచేతి మడతలో, మణికట్టు బొటనవేలి వైపు సిరలో వేయకూడదు. పిక్ లైన్ అసలు వద్దు. అత్యవసర క్యాథెటర్ తప్పనప్పుడు కుడి జుగులర్ మొదటిది, అది కూడా అల్ట్రాసౌండ్ చూస్తూ వేయాలి. ఐదారు రోజులకు మించి అవసరం ఉండదని తెలిస్తే, మార్పిడి దగ్గర పడని రోగికి తొడ సిర వాడి ఛాతీని కాపాడవచ్చు. ఫిస్టులా చేయబోయే వైపున క్యాథెటర్ వేయకూడదు. ఫిస్టులా రెండు సూదులతో సరిగా నడవడం మొదలైన వారంలోనే క్యాథెటర్ తీసేయాలి. “ఇంకొన్నాళ్లు ఉండనిద్దాం, దేనికైనా పనికొస్తుంది” అనే మాట వల్ల ఎన్నో సిరలు పోతున్నాయి.

జిల్లా కేంద్రాల నుంచి వచ్చినవారికి ఒక విన్నపం. రోగి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి, విశాఖకో హైదరాబాదుకో వెళ్లినప్పుడు గతంలో ఎన్ని పైపులు వేశారో సరిగా చెప్పలేడు. “మెడలో వేశారు” అంటాడు, ఏ వైపో గుర్తుండదు. మీ కేంద్రంలో ప్రతి రోగి డయాలసిస్ పుస్తకంలో మొదటి పేజీని దీనికే కేటాయించండి. ఏ తేదీన, ఏ వైపు, ఏ సిరలో క్యాథెటర్ వేశారు, ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు, ఇన్‌ఫెక్షన్ వచ్చిందా, పేస్‌మేకర్ ఉందా అన్నవి అక్కడ రాయండి. ఫిస్టులా తేదీ, దాని ప్రవాహం, వీనోగ్రామ్ ఎప్పుడైనా తీశారా అన్నవి దాని కింద రాయండి. ఆ పేజీ చూసి నేను ఏ చేతికి ఆపరేషన్ చేయాలో సగం నిర్ణయించగలను, మిగతా సగం వీనోగ్రామ్ చెబుతుంది. మీ ప్రశ్నలు అడగండి, ముందుగా టెక్నీషియన్ల నుంచి మొదలుపెడదాం.